సిస్టరమ్మ చిమ్మిలి

మొన్న బుధవారం నువ్వులు కొందామని జుగ్సలాయి బజారుకి వెళ్లాను. బిర్సానగర్ నుంచి రెండు ఆటోలు మారి, ఆ ఇరుకు రోడ్డులో బస్తాలు దింపేవాళ్ల మధ్య నుంచి దూరి, ఎప్పుడూ కొనే కొట్టు దగ్గరికి చేరేసరికి నా చీర కుచ్చిళ్లు బురదైపోయాయి. కొట్టతను నన్ను చూడగానే, నేను నోరు తెరవకముందే తెల్ల నువ్వులు తక్కెడలో పోయడం మొదలుపెట్టాడు. పోస్తూ పోస్తూ నా వెనక్కి చూసి, "సిస్టర్ దీదీ నహీఁ ఆయీఁ?" అన్నాడు.

నువ్వుల్లోంచి పిడికెడు తీసి, వాసన చూసి, "ఇవి పోయినేడాదివి, ఎవులికి అంటగడతన్నావు?" అని తెలుగులోనే తిట్టే మనిషి ఏదీ అని అతని అనుమానం. ఆ తిట్టు ఒక్క ముక్క అర్థం కాకపోయినా అతను ప్రతిసారీ వెనక గదిలోకి వెళ్లి కొత్త బస్తా విప్పేవాడు.

"గుజర్ గయీఁ" అన్నాను. వానాకాలంలోనే పోయారని చేత్తో చూపించి చెప్పాను.

అతను తక్కెడలో పోసిన నువ్వులు తిరిగి గోనెలో పోసేసి, వెనక గదిలోకి వెళ్లి కొత్త బస్తా విప్పుకొచ్చాడు.

ఆటోలో కూర్చున్నాక, ఒళ్లో సంచి పెట్టుకుని, ఆ పోయిన మనిషిని మళ్లీ తిట్టుకున్నాను. బతికున్నప్పుడు ఆవిడతో పడలేక రోజుకు ఒకసారైనా తిట్టుకునేదాన్ని. ఆ అలవాటు ఇంకా పోలేదు.

ఆవిడకి పేరు లేక కాదు, ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. కాన్పుల వార్డులో పనిచేసినంతకాలం సిస్టరమ్మే, రిటైరై మా పక్క సందులో ఇల్లు తీసుకున్నాకా సిస్టరమ్మే. నర్సులు ఎద దగ్గర పిన్నుతో తగిలించుకునే చిన్న గడియారం ఒకటుంటుంది. చూసేవాళ్లకి అది తలకిందులుగా కనిపిస్తుంది, పెట్టుకున్నవాళ్లకి మాత్రం తిన్నగా ఉంటుంది. ఉద్యోగం అయిపోయినా ఆవిడ దాన్ని పమిట మడతకి తగిలించుకునే తిరిగేది. ఎవరైనా మాట సాగదీస్తే రెండు వేళ్లతో దాన్ని ఎత్తి చూసేది. నేను పనిచేసే బడి సెక్రటరీ గారు ఈ ఊరి ఉక్కు ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి వందమందిని గదమాయించిన మనిషి. ఆ గడియారం ఎత్తేసరికి ఆయన మాట సగంలో ఆగిపోయేది.

చేతులు మోచేతుల దాకా కడుక్కోకుండా ఏదీ ముట్టుకునేది కాదు. మా ఇంటికి టీకి వచ్చినా ముందు పెరట్లోకే. మా ఇంట్లో సబ్బు మా నలుగురి వల్ల అరిగిన దానికంటే ఆవిడ ఒక్కర్తి వల్ల అరిగిందే ఎక్కువ.

నా పెద్ద కాన్పు ఆవిడ చేతుల మీదే. బయట వరండాలో మా అత్త గుమ్మం పట్టుకుని, "ఏటి పుట్టింది సిస్టరమ్మా?" అని అడుగుతోంది. లోపల్నుంచి ఆవిడ కేకేసింది.

"మనిషి పుట్టింది. ఊపిరి తీత్తంది, ఏడుత్తంది. ముందు అది అడగండి."

నేనూ అదే అడిగాను. నా వైపు తిరిగి, "ముందు ఏడుపు ఇను. ఎంత బాగా ఏడుత్తందో ఇనవే. మిగతాది ఎక్కడికీ పారిపోదు" అంది. తుడిచి, వేళ్లన్నీ ఉన్నాయో లేదో చూసి, నా గుండెల మీద పడుకోబెట్టి, అప్పుడు చెప్పింది ఆడపిల్ల అని. మా అత్త చనిపోయేదాకా ఆ సంగతి మర్చిపోలేదు. ఒక్క మాట చెప్పడానికి ఆవిడకేటి బరువు అని పండక్కీ పబ్బానికీ తవ్వేది. మా లైన్లలో ఏ ఇంట అడిగినా ఇదే కథ. ఎవరి కాన్పైనా, ఎంతటివాళ్లు అడిగినా ముందు ఊపిరే, ఆ తరువాతే మిగతాది.

అటువంటి మనిషి చివరికి ఏ మాట కోసం పోట్లాడిందో చెబితే మీరు నమ్మరు.

మా బడి, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచీ ఒడిశా సరిహద్దు నుంచీ ఇక్కడికి ప్లాంటు పనికోసం వచ్చినవాళ్లు తమ పిల్లల కోసం పెట్టుకున్నది. ఇప్పుడు పాఠాలన్నీ హిందీలోనే, రోజుకు ఒక్క గంట తెలుగు. నేను అక్కడ ఆయాని. గంట కొట్టడం, కుండల్లో నీళ్లు నింపడం, హాజరు పట్టీ గది గదికీ తిప్పడం, కమిటీ కూర్చుంటే టీ పెట్టడం నా పని.

సిస్టరమ్మ రిటైరయ్యాక యేటా చలికాలంలో, పరీక్షల ముందు, పెద్ద పిల్లలకి ఒక క్లాసు చెప్పేది. ఎదిగే వయసులో ఒంట్లో ఏమేం మారతాయి, ఎలా శుభ్రంగా ఉండాలి, ఎవరు ఎక్కడ చెయ్యి వేస్తే ఒప్పుకోకూడదు, ఎవరికి చెప్పాలి, అన్నీ. వరండాలో నిలబడి, "ఆడపిల్లలు ఇటు రండి. మగపిల్లలు రేపు" అని కేకేసేది. ఆడపిల్లల క్లాసు అయ్యాక తలా ఒక చిమ్మిలి ఉండ చేతిలో పెట్టేది. మన వైపు ఆడపిల్ల పెద్దమనిషైతే నువ్వులూ బెల్లమూ కలిపి దంచి చిమ్మిలి చేసి, ఆ పిల్లకి పెట్టి, చుట్టుపక్కల ఇళ్లకి పంచుతారు కదా. ఎవరింట్లోకైనా చిమ్మిలి వచ్చిందంటే, ఎవరి అమ్మాయి అని అడగడమే తరువాయి. అందుకే క్లాసులో కూడా అది ఆడపిల్లలకే. మగపిల్లలకి సబ్బు గురించీ మీసాల గురించీ ఒక లెక్చరు, చేతిలో ఏమీ లేదు. వాళ్లు వాసన పట్టి నా చుట్టూ తిరిగేవాళ్లు.

మూడేళ్ల కిందట ఒక కొత్త సైన్సు మేడమ్ వచ్చింది. మన పిల్లే, ఈ ఊళ్లోనే పుట్టింది, తెలుగు మాట్లాడితే మధ్యలో హిందీ దొర్లుతుంది. ఆ క్లాసుకి ఒక చిన్న పుస్తకం తయారు చేసింది. అందులో నెలసరి ఆడపిల్లలకి వస్తుంది అని రాయలేదు, నెలసరి వచ్చే పిల్లలు అని రాసింది. ఆడపిల్లలు ఇలా, మగపిల్లలు అలా అన్న మాటలన్నీ తీసేసి, అందర్నీ ఒక్క గదిలో కూర్చోబెట్టి చెప్పాలంది.

అంతే, శనివారం శనివారం కమిటీ కూర్చోవడం మొదలైంది. నేను టీ పెట్టడమూ మొదలైంది.

"ఆడపిల్ల అంటే నోరు పుండైపోతాదేటే? ముప్పై ఏళ్లు ఆ మాటే అన్నాను. ఒక్కర్తీ సావలేదు" అనేది సిస్టరమ్మ.

"మాట వల్ల ఎవరూ చావరు సిస్టర్ జీ. లేకిన్, ఆ మాట వల్ల ఒక్కరైనా బయట ఉండిపోతే?" అనేది సైన్సు మేడమ్.

"ఎవులున్నారు బయట? సూపించు."

మేడమ్ పుస్తకంలో పేజీలు తిప్పేది. అప్పుడు సిస్టరమ్మ టీ సాసర్లో పోసుకుని, ఊదుకుని, మళ్లీ అందుకునేది.

"సూడమ్మా, నాను వార్డులో సూసినదాన్ని. ఒంట్లో రక్తం లేక, ఏటవుతాదో తెలీక, తొమ్మిదో నెల్లో వచ్చి నా సేతుల్లో పడినోళ్లని సూసినదాన్ని. కొంతమంది పిల్లలకి వత్తాది అని సెప్పేవనుకో, ప్రతి గుంటా అది పక్కదానికిలే అనుకుంటాది. నీకే సెప్తన్నాను అంటేనే సెవిలో పడతాది."

అది వింటే అదీ నిజమే అనిపించేది. మేడమ్ మాట వింటే అదీ నిజమే అనిపించేది. నాకు చిరాకంతా అక్కడే. ఇద్దరిలో ఒకరు మూర్ఖంగా మాట్లాడి ఉంటే టీ గిన్నె కడుక్కుని హాయిగా ఇంటికి పోయేదాన్ని.

సెక్రటరీ గారి గొడవ వేరు. "తల్లిదండ్రులు ఊరుకోరమ్మా. ఆడా మగా కలిపి కూకోబెట్టి ఇవన్నీ సెప్తే, రేపొద్దున్న టీసీలు అడుగుతారు. ఈ ఏడాదికి క్లాసే వద్దనుకుందాం" అనేవారు.

"వద్దనుకోడానికి నువ్వెవుడివి?" అని సిస్టరమ్మ ఆయన మీదకి తిరిగేది. "నీ ఇద్దరు పిల్లల్నీ నా సేతుల్తోనే తీసేను. రెండోసారి నువ్వు వరండాలో కళ్లు తిరిగి పడిపోతే నీకూ నీళ్లు జల్లేను. క్లాసు ఉంటాది."

కాని ఏ మాటలతో ఉంటుందో తేలదు. ఒక శనివారం ఒక మాట రాస్తారు, మరో శనివారం కొట్టేస్తారు. అలా ఆరు శనివారాలు పోయాయి. పరీక్షలు దగ్గరికొచ్చాయి.

నేను చేసిన తప్పు ఇప్పుడు చెప్పాలి. బయట ఎవరున్నారో చూపించమని సిస్టరమ్మ అడిగిన ప్రతిసారీ నాకు జవాబు తెలుసు. టీ పళ్లెం పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి, తెలిసీ నోరు మూసుకున్నాను. ఐదో తరగతితో చదువు ఆగిన ఆయా కమిటీలో మాట్లాడుతుందా అని.

పైడి అని ఒక బిడ్డ అప్పుడు ఎనిమిదో తరగతి. పైడితల్లమ్మకి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు. తల్లి ప్లాంటు క్యాంటీన్లో వంట పని. చిన్నప్పుడు పేలు పట్టాయని జుట్టు కత్తిరిస్తే, మళ్లీ పెంచనివ్వలేదు. ఫుట్‌బాల్‌లో గోల్ దగ్గర నిలబడితే బంతి దాటేది కాదు. అంతకుముందు ఏడాది సిస్టరమ్మ "ఆడపిల్లలు ఇటు రండి" అని కేకేసినప్పుడు పైడి కదల్లేదు. వరండా మెట్ల మీద కూర్చుని బూటు లేసు విప్పి కడుతూ, మళ్లీ విప్పి కడుతూ ఉండిపోయింది. నేను వెళ్లి అడిగాను.

"హమ్‌కో ఉధర్ నహీఁ బైఠనా హై, ఆయమ్మా" అంది.

"అయితే రేపు మగపిల్లలతో కూకుంటావా?"

"ఉధర్ భీ నహీఁ."

అటూ కూర్చోదు, ఇటూ కూర్చోదు. మర్నాడు కూడా ఆ మెట్లే. నేను గ్లాసుతో నీళ్లిచ్చి, గంట కొట్టే వేళైందని వెళ్లిపోయాను. పిల్లలకి లక్ష పేచీలుంటాయి, ఇదొకటి అనుకున్నాను.

ఆ శనివారాల గొడవ నడుస్తుండగానే హాజరు పట్టీ తిప్పుతుంటే పైడి పేరు ఎదురుగా నెలనెలా నాలుగైదు ఖాళీలు వరసగా కనిపించాయి. చదువు తక్కువైనా ఖాళీలు లెక్కపెట్టడం నాకు వచ్చు. హాజరు చాలకపోతే పరీక్షకి కూర్చోనివ్వరని పెద్ద మేడమ్ ఒక పట్టిక రాయించింది. అందులో పైడి పేరు ఎక్కింది.

ఆరో శనివారం అయిన మూడో రోజున, చాపలు పెట్టే గదిలోకి వెళ్తే పైడి అక్కడ గోడవార ముడుచుకుని ఉంది. స్వెట్టరు నడుముకి కట్టుకుంది. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. ఏటైందని అడిగితే పళ్లు బిగించుకుందే కాని చెప్పలేదు. నాకు అర్థమైంది. చెయ్యి పట్టుకుని వెనక గేటు నుంచి సిస్టరమ్మ ఇంటికి తీసుకెళ్లాను.

ఆవిడ మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. గడియారం ఎత్తి పట్టుకుని నాడి చూసింది. నీళ్లు వేడి పెట్టమని నాకు చెప్పి, పైడిని లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది. నేను నీళ్లు కాచి తెచ్చి ఆ తలుపు దగ్గరే నిలబడ్డాను. దొంగచాటుగా విన్నానని మీరనుకోవచ్చు. నిజమే.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఛే మహీనే."

"ఆరు నెలలా? పాత గుడ్డలు తడివే పెట్టుకు తిరిగేవు. ఒరిసిపోయి పుండ్లు పడ్డాయి, జొరం రాదేటి మరి? మీ అమ్మకి సెప్పలేదా?"

అప్పుడు పైడి తెలుగులోకి వచ్చింది. "చెప్తే కూచోబెట్టేస్తాది. చీర కట్టి, పూలు పెట్టి, మూల కూచోబెట్టేస్తాది. బస్తీ మొత్తం చిమ్మిలి పంచుతాది. సబ్‌కో పతా చల్ జాయేగా, అందరికీ తెలిసిపోతాది. ఫోటో తీస్తారు. ఇంక నేను గోల్ దగ్గర ఎలా నిలబడతాను? అందుకే ఆ రోజులు బడికి రాను."

"నా క్లాసుకి ఎందుకు రాలేదే? వచ్చుంటే ఈ పుండ్లు పడేవా?"

"హమ్‌కో బులాయా హీ నహీఁ."

"పిలవలేదా? ఆడపిల్లలు ఇటు రండని గొంతు సించుకోలేదేటి నాను?"

తలుపు సందులోంచి, పైడి స్వెట్టరు ముడి విప్పి మళ్లీ కట్టడం కనిపించింది. నాకు వేడినీళ్ల గిన్నె చెయ్యి కాలుస్తోంది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

"సిస్టరమ్మా, బయట ఎవులున్నారో సూపించమని ఆరు వారాలుగా అడుగుతన్నారు కదా. ఇదిగో, ఈ బిడ్డే. పోయినేడు రెండు రోజులూ మెట్ల మీద కూకుంది. నాను సూసేను. సెప్పలేదు, నాదీ తప్పే."

"ఇప్పుడేటి నీ గోల?"

"నా కాన్పప్పుడు మా అత్త అడిగితే మీరేటన్నారు? ఊపిరి తీత్తంది, ముందు అది అడగండి అన్లేదా? కడుపులోంచి వచ్చినప్పుడు ఆగేరు కదా. ఆడపిల్లనడానికి ఇప్పుడెందుకు అంత తొందర?"

ఆవిడ నన్ను ఎలా చూసిందంటే, ఇంక నా జన్మలో ఆ ఇంటి గడప తొక్కనివ్వదనుకున్నాను. "నువ్వు టీ ఇచ్చేదానివి, టీ ఇయ్యి" అంది. నా చేతిలో గిన్నె తీసుకుంది. పని పూర్తయ్యాక పెరట్లోకి వెళ్లి మళ్లీ చేతులు కడుక్కుంది. కడిగిన చేతులే కడిగింది, కడుగుతూనే ఉంది. సబ్బు జారిపోతే తీసుకుని మళ్లీ కడిగింది.

ఏడో శనివారం కమిటీలో ఆవిడ కూర్చోలేదు, నిలబడే చెప్పింది.

"సోమవారం క్లాసు. అందరూ ఒక్క గదిలోనే."

సెక్రటరీ గారు గతుక్కుమన్నారు. "అదేటి సిస్టరమ్మా, మీరు మా వైపు కదా?"

"నాను ఎవులి వైపూ కాదు. నాను డ్యూటీ వైపు."

సైన్సు మేడమ్ ముఖం వెలిగిపోయింది. "అయితే నా పుస్తకంలో మాటలే చెబుతారా సిస్టర్ జీ?"

"నీ మాటలు నా నోట్లో పట్టవు. పుస్తకం సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. నాకు తొందరుంది" అని గడియారం ఎత్తి చూసింది. మేడమ్ ముఖమూ మళ్లీ ముడుచుకుపోయింది. ఒక్క నిమిషంలో రెండు వైపులవాళ్లకీ కోపం తెప్పించడం ఆవిడకి తప్ప ఎవరికీ చేతకాదు.

ఆదివారం నన్ను జుగ్సలాయి ఈడ్చుకెళ్లింది. యేటా కొనే నువ్వులకి రెండింతలు కొంది. ఇద్దరం రోజంతా దంచాం. నా భుజాలు పట్టేశాయి.

"ఇన్నెందుకు సిస్టరమ్మా? మగపిల్లలకి కూడానా?"

"వాళ్లకి రక్తం లేదేటి? దంచు."

సోమవారం పెద్ద గదిలో చాపలు పరిచాను. పిల్లలందరూ వచ్చి కూర్చున్నారు. పైడి తలుపు దగ్గర, చాప చివర గోడకి ఆనుకుని కూర్చుంది. సిస్టరమ్మ బొమ్మల పటం గోడకి తగిలించి మొదలుపెట్టింది.

"మీలో కొందరికి వచ్చింది. కొందరికి వత్తాది. కొందరికి రాదు. రానోళ్లు నోరు మూసుకుని ఇనండి, మీ పక్కనోళ్లకి వత్తాది కాబట్టి. నవ్వినోళ్లు లేచి సేతులు కడుక్కు రండి."

ముగ్గురు కడుక్కుని వచ్చారు. వెనక బెంచీ మీద సైన్సు మేడమ్ నిటారుగా కూర్చుంది, ఇప్పుడు సరిగ్గా చెబుతున్నారు అన్నట్టు. ఐదు నిమిషాలు గడిచాయో లేదో సిస్టరమ్మ మళ్లీ "ఆడపిల్లలూ, మీరు బాగా ఇనండి" అంది. మేడమ్ కళ్లు మూసుకుంది. మరి కాసేపటికి "ఎవులికైనా సరే" అంది. ఆ తరువాత మళ్లీ "ఆడపిల్లలు". అన్నీ కలిపేసి చెప్పింది. పుండ్లు పడకుండా గుడ్డ ఎలా ఉతకాలో, ఎండలో ఎలా ఆరబెట్టాలో, ప్యాడ్ ఎన్ని గంటలకి మార్చాలో చెబుతున్నప్పుడు పైడి తల ఎత్తి ఆ పటాన్నే చూస్తోంది. ఏ మాట దగ్గరా లేచి పోలేదు.

క్లాసు అయ్యాక, వరసలో ఉన్నవాళ్లకి ఉన్నట్టు, అందరి చేతుల్లోనూ ఒక్కొక్క చిమ్మిలి ఉండ పెట్టింది. మగపిల్లలకీ పెట్టింది. "ఇక్కడ తినొద్దు. ఇంటికి పట్టుకెళ్లి, మీ అమ్మ సేతికి ఇచ్చి, అప్పుడు తినండి" అంది.

ఆ సాయంత్రం బిర్సానగర్‌లో మన లైన్లన్నీ తలకిందులయ్యాయి. ప్రతి ఇంట్లోకీ చిమ్మిలి వచ్చింది. ఎవరింట్లో, ఎవరి అమ్మాయి అని గోడల మీదుగా ఒకరినొకరు అడగడమే. మా పక్కింటావిడ పసుపు కుంకాల పళ్లెం పట్టుకుని, ఒక్కడే కొడుకున్న ఇంటికి వెళ్లి తలుపు కొట్టింది. మర్నాడు పొద్దున్నే ఆ కొడుకు తల్లి సిస్టరమ్మ గుమ్మంలో నిలబడింది. నేను అక్కడే ఉన్నాను.

"మా గుంటడు చిమ్మిలి ఉండ పట్టుకొచ్చేడు సిస్టరమ్మా. ఎవులు పెద్దమనిషైనారని మా అత్త రాత్రి నుంచి పీక్కు తింతంది. నానేటి సెప్పేది?"

సిస్టరమ్మ గడియారం ఎత్తింది. "అందరూ అయ్యేరని సెప్పు."

నాకు తల కొట్టుకోవాలనిపించింది. ముప్పై ఏళ్లు మన వాళ్ల మధ్య బతికి, చిమ్మిలి ఇంటికి పంపితే ఏమవుతుందో తెలియదా ఈవిడకి, ఇంత పెద్ద పొరపాటు ఎలా చేసింది అనుకున్నాను. సెక్రటరీ గారు రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు.

మూడో రోజు పైడి తల్లి వచ్చింది. బిడ్డ సంగతి అప్పటికే సిస్టరమ్మ ఆవిడకి చెప్పింది. డ్యూటీ నుంచి అటే వచ్చినట్టుంది, చేతులకి ఇంకా ఉల్లిపాయల వాసన. కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది.

"దాన్ని మూల కూకోబెట్టొద్దని మీరన్నారు, సరే. ఫంక్షనొద్దన్నారు, అదీ సరే. చిమ్మిలైనా పంచాల కదా సిస్టరమ్మా? ఎవులికీ పెట్టలేదని తెలిత్తే మా అత్తోరు నన్ను బతకనిత్తారా?"

"పంచేం కదే" అంది సిస్టరమ్మ.

"ఎప్పుడు?"

"సోమవారం. మీ లైన్లో ఏ ఇంటికి ఎల్లలేదో సెప్పు. అన్ని ఇళ్లకీ ఎల్లింది. నీ బిడ్డ ఉండ కూడా అందులో ఎల్లింది. మళ్లీ పంచితే ఎవులు తింటారు?"

పైడి తల్లి ఏడుపు ఆపి ఆవిడ వైపు చూసింది. నేనూ చూశాను. అప్పుడు గాని నా మట్టి బుర్రకి ఎక్కలేదు. అన్ని ఇళ్లకీ చిమ్మిలి వెళ్లింది. చెయ్యవలసింది చేసినట్టే అయింది, ఎవరి బిడ్డో ఎవరికీ తెలియకుండా ఉంది. పైడి తల్లి కాసేపు అలాగే కూర్చుని, ఇంకో రెండు ఉండలు ఉంటే ఇమ్మంది. కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

"కావాలనే సేసేరా సిస్టరమ్మా?" అన్నాను.

"నువ్వులు ఎక్కువ పడ్డాయి" అంది.

పెద్ద మేడమ్ దగ్గరికి తనే వెళ్లి, ఆ బిడ్డకి జబ్బు చేసిందని రాసిచ్చి, పట్టికలోంచి పేరు తీయించింది. పైడి పరీక్ష రాసింది. తరువాత ఏ నెలా వరసగా ఖాళీలు లేవు. ఆ రోజుల్లో బడికి వచ్చి, సాయంత్రం సిస్టరమ్మ ఇంటి మీదుగా వెళ్లేది. ఇంకొకటి గమనించాను. ఆవిడ ఆడపిల్లల్ని ఒలే అనీ మగపిల్లల్ని ఒరే అనీ పిలిచేది. పైడిని మాత్రం ఆ రోజు తరువాత ఒలే అనలేదు, ఒరే అనలేదు. పైడీ అనేది, అంతే.

ఇంత చేసిన మనిషి మారిందని మీరనుకుంటే పొరపాటు. కమిటీలో ఆ పుస్తకం తీస్తే చాలు, మళ్లీ మొదలు. ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో సైన్సు మేడమ్ కమలాపళ్లు పట్టుకుని చూడ్డానికి వస్తే, "ఆ పుస్తకం అచ్చేసేవేటే? ఏసేవంటే నాను లేచొత్తాను" అంది. మేడమ్ నవ్వుతూ, "వేస్తాను సిస్టర్ జీ, లేచి రండి" అంది, కళ్లు తుడుచుకుంటూ కమలాపండు ఒలిచి నోట్లో పెట్టింది.

ఆ సోమవారం తరువాత ఆవిడకి ఒక కొత్త అలవాటు వచ్చింది. క్లాసు మొదలుపెట్టే ముందు, పిల్లలంతా కూర్చున్నాక, గదిలోంచి వరండాలోకి వెళ్లేది. మెట్ల దగ్గర నిలబడి అటూ ఇటూ చూసేది. గడియారం ఎత్తి చూసుకుని లోపలికి వచ్చి మొదలుపెట్టేది. టైమవుతోంది సిస్టరమ్మా అని నేను విసుక్కుంటే వినేది కాదు.

ఇవాళ ఈ ఏడాది క్లాసు, సిస్టరమ్మ లేదు కాబట్టి సైన్సు మేడమే చెబుతుంది. నిన్న పైడి బిష్టుపూర్‌లో కాలేజీ నుంచి తిన్నగా వచ్చి నాతో నువ్వులు దంచింది, నా భుజాలు ఇంక పనిచేయవు కదా. పుస్తకం ఇంకా తేలలేదు. పొద్దున్న తలుపు దగ్గరే సెక్రటరీ గారూ సైన్సు మేడమూ కాగితం చెరో కొస పట్టుకుని ఏదో మాట గురించి వాదించుకుంటున్నారు. లోపల పిల్లలు చాపల మీద కూర్చుని చిమ్మిలి గిన్నె వైపు చూస్తున్నారు. జరగండమ్మా, జరగండి బాబూ అని ఇద్దరి మధ్య నుంచి దారి చేసుకుని నేను వరండాలోకి వెళ్లాను.

మెట్ల మీద ఎవరూ లేరు. అటు చివర కుళాయి దాకా వెళ్లి చూశాను, అక్కడా ఎవరూ లేరు. లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. గడియ మాత్రం పెట్టలేదు.